తెలుగు గ్రంథకర్త అచ్చునకు నడచిన త్రోవ

క్రొత్తగా వ్రాయ నారంభించిన ప్రతివాని పెట్టెలోను ఒక వ్రాతప్రతి యుండును. దానిని చదివి వినిపించినపుడు మిత్రులు మెచ్చుకొందురు. ఆ మెప్పు చల్లారిన పిమ్మట ఒక ప్రశ్న మిగులును: ఇది పుస్తకమగుట యెట్లు? ఈ కష్టము తమకే క్రొత్తగా కలిగినదని యువకులు తలంతురు. కాని మన భాషలో పేరుగాంచిన గ్రంథకర్తలు పలువురు దీనిని దాటియే వచ్చినారు. వారు దాటిన విధమును శ్రోతలకు మనవిచేయుటయే యీ ప్రసంగమున నా యుద్దేశము.

పూర్వకాలమున కవికి కావలసినవి రెండు: తాళపత్రములు, కృతిపతి. అంకితము గైకొన్న ప్రభువు కవికి అగ్రహారమో ధనమో యొసగెడివాడు. లేఖకులు ప్రతులు వ్రాసికొనగా కావ్యము దేశమున వ్యాపించెడిది. నరాంకితము నొల్లక భగవంతునికే కృతి సమర్పించిన పోతనవంటి మహనీయులు లేకపోలేదు. కాని సామాన్యముగా కవి జీవనము ప్రభువు దయ ననుసరించి యుండెడిది. ప్రభువు మెచ్చిననే గాని పాఠకుని దాక పోవుటకు వేరు మార్గము కానరాదు.

అచ్చుయంత్రము వచ్చుటతో ఈ స్థితి వెంటనే మారినదని తలపరాదు. మొదటి తెలుగు అచ్చుపుస్తకములు 1746, 1747 సంవత్సరములలో జర్మనీ దేశపు హాలె పట్టణమున వెలువడినవి. వానిని వేయించినవాడు బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ మతబోధకుడు. మన దేశస్థులు అనుమతుల బాధ లేక ముద్రాక్షరశాలలు నడుపుకొనుటకు 1835వ సంవత్సరపు శాసనము వీలు కల్పించెను. 1829లో బ్రౌను దొర వేమన పద్యములను ప్రకటించెను. 1854లో చెన్నపురియందు వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు ముద్రాక్షరశాలను స్థాపించిరి. వీరి వలన మన ప్రాచీన వాఙ్మయము నశింపక నిలిచినది.

అయితే ప్రాచీన గ్రంథములకు కొనువారు ముందే కలరు. బ్రతికియున్న క్రొత్త రచయితకు లేరు. అతడు కాగితపు వెలయు అచ్చుకూలియు తానే పెట్టుకొనవలెను, లేదా సంపన్నుల యిండ్లకు తిరిగి ముందుగా చందాలు వసూలు చేయవలెను. అప్పుచేసి వేయించిన పుస్తకములు అమ్ముడుపోక అటకమీద చెదలపాలగుట ఎన్ని యిండ్ల ననుభవమో! అచ్చు వచ్చినను కృతిపతి యవసరము తీరలేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము సైతము 1897లో విజయనగర మహారాజు ఆనంద గజపతికి అంకితమై వెలువడినది.

క్రొత్త త్రోవను చూపినది పత్రిక. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని ప్రారంభించినపుడు వారొక పాఠశాలలో ఉపాధ్యాయులు. పత్రికను మొదట చెన్నపురిలో అచ్చువేయింపవలసి వచ్చెను. గోదావరీ తీరమునకు అప్పటికి రైలుమార్గము లేదు. ఈ దూరభారము సహింపక పంతులుగారు రాజమహేంద్రవరముననే ముద్రాక్షరశాలను నెలకొల్పుకొనిరి. రాజశేఖర చరిత్రము 1878లో ఆ పత్రికయందే భాగములుగా వెలువడి, 1880లో పుస్తకమయ్యెను. 1887లో దాని ఆంగ్లానువాదము లండనులో ప్రకటితమయ్యెను. ఏ ప్రభువు సభలోను చదువబడని గ్రంథమొకటి చందాదారుల చేతులమీదుగా సముద్రము దాటినది!

అందరును పత్రికాధిపతులు కాజాలరు గదా. సొంత యంత్రము లేనివాని కేది గతి? దీనికి 1891లో రాజమహేంద్రవరమున న్యాపతి సుబ్బారావు పంతులుగారు వెలువరించిన చింతామణి సమాధానమిచ్చినది. ఆ పత్రిక నవలలకు పోటీ ప్రకటించి బహుమానము లిచ్చుచుండెను. చిన్ననాటినుండియు రేచీకటిచే బాధపడుచున్న చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రామచంద్ర విజయమును పంపి, 1894లో ఆ బహుమానమును పొందిరి. ఇక్కడ ప్రభువును స్తుతించు పద్యములతో పనిలేదు. గడువులోపల గ్రంథము ముగించి పంపుటయే కవి చేయవలసినది. తెలుగు నవల వేరూనుటకు ఈ పోటీలు చేసిన మేలు స్వల్పము కాదు.

శాస్త్ర చరిత్రములు వ్రాయువారికి 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి ఆశ్రయమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు దీనికి ప్రాణము. చందాదారుల నాధారము చేసికొని గ్రంథములను వరుసగా ప్రకటించుట వీరి పద్ధతి. పాఠకులు ముందే సిద్ధముగా నున్నచో గ్రంథకర్త అప్పులపాలు కానక్కరలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రయు, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును ఈ మార్గముననే లోకమునకు వచ్చినవి. వేయిమంది సామాన్యులు తలకొక రూపాయి చొప్పున నిచ్చినచో వారందరును కలిసి యొక కృతిపతియగుదురను సత్యము దీనివలన రుజువైనది.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు భారతిని స్థాపించిరి. అందులో తన రచన యొకటి పడుట తెలుగు యువకవికి పట్టాభిషేకమువంటిదిగా నుండెడిది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలకు పెట్టిన బహుమానమును విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు, అడివి బాపిరాజుగారి నారాయణరావు పంచుకొన్నవి. వేయిపడగలంతటి మహాగ్రంథమును విశ్వనాథవారు 29 దినములలో ఆశువుగా చెప్పి తమ్మునిచే వ్రాయించిరని ప్రసిద్ధి. గడువు తరుముచుండుట వలన కూడ భాషకు మేలు కలుగవచ్చును.

ఈ చరిత్రనుండి నేటి యువరచయిత గ్రహింపదగినదేమి? వీరిలో పలువురు పాఠకుని కెదురుపడినది తొలుత పత్రికలోనే. పత్రికలో పడిన నాలుగు పుటలు, అచ్చై యింట పడియున్న నాలుగువందల పుటలకంటె ఎక్కువదూరము పోవును. సంపాదకుడు త్రిప్పిపంపిన వ్రాతను చించివేయక, కొన్నాళ్ళు దాచి మరల దిద్దుకొనవలెను. పుస్తకముగా వేయుటకు ముందు దానిని కోరువారు కొందరైనను గలరా యని విచారింపవలెను. అంతవరకు ఆలుబిడ్డల సొత్తును అచ్చుకూలికి తాకట్టుపెట్టరాదు.

నేడు ముద్రణము మునుపటికంటె మిక్కిలి సులభమైనది. పాఠకుని సంపాదించుట మాత్రము వీరేశలింగముగారి కాలమున నెంత కష్టమో నేడును అంతే కష్టము. ఆ కష్టమునకు వెనుదీయనివాని వ్రాతప్రతి పెట్టెలో చిరకాలముండదు.