పోలీసు పటేలూ, లోన్ రేంజరూ

నిరుడు వనపర్తిలో మా విద్యార్థులు కొందరు పాత అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ఒకటి చూచి వచ్చి నన్నొక ప్రశ్న అడిగారు. "సార్, గద్వాల నుంచి నాగర్‌కర్నూలు అడవుల దాకా మనదీ సరిహద్దు సీమే గదా. మనకిట్లాంటి వీరుడు ఎందుకు లేడు?" నేను వెంటనే "పండుగ సాయన్న ఉన్నాడు గదా" అన్నాను. వాళ్లు తృప్తిపడి వెళ్లారు. నాకు మాత్రం తృప్తి కలగలేదు. వాళ్లు అడిగింది చట్టాన్ని నిలబెట్టేవాణ్ణి. నేను చూపించింది చట్టం వెంటాడినవాణ్ణి.

వాళ్లు చూచింది 'ది లోన్ రేంజర్'. 1933లో డెట్రాయిట్ రేడియోలో పుట్టి, 1949 సెప్టెంబరు 15న టెలివిజనుకెక్కి, 1957 దాకా 221 భాగాలు నడిచింది. టెక్సస్ రేంజర్ల దళం ఒకటి దొంగల మాటుకు చిక్కి హతమవుతుంది. బతికి బయటపడ్డ ఒక్కడు ముసుగు తగిలించుకొని, తెల్లగుర్రమెక్కి, టోంటో అనే ఆదివాసి మిత్రుణ్ణి వెంటబెట్టుకొని ఊరూరా అన్యాయాన్ని సరిదిద్దుతుంటాడు. అతని వెండి తూటాకు దుండగుని చేతిలోని పిస్తోలు ఎగిరిపోతుందే గాని మనిషి చావడు. అతనికి జీతం లేదు, పై అధికారి లేడు. అన్నిటికన్నా ముఖ్యంగా, తిరిగే ఊళ్లల్లో అతనికి సెంటు భూమి లేదు. కనుకనే ఏ తగవులోనూ అతను కక్షిదారు కాడు. కథకు ఆయువుపట్టు ఇదే.

చరిత్రలోని రేంజర్లు అట్లా లేరు. 1918 జనవరి 28న పోర్వెనీర్ అనే కుగ్రామంలో టెక్సస్ రేంజర్లు, స్థానిక పశువుల ఆసాములను తోడు పెట్టుకొని, మెక్సికన్ సంతతికి చెందిన పదిహేనుమంది పురుషులను, బాలురను నిలబెట్టి కాల్చి చంపారు. 1919లో శాసనసభ్యుడు కనాలెస్ పట్టుబట్టడంతో విచారణ జరిగింది. తుపాకీ పట్టినవాడూ పొలమున్నవాడూ ఒకే పక్షాన నిలబడిన సంగతి ధారావాహికలోకి ఎక్కలేదు.

ఇక మన సీమ. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ గద్వాల సంస్థానం. తుంగభద్ర దాటితే ఇంగ్లీషువాళ్ల రాజ్యం. దత్తమండలాలు 1800లో, కర్నూలు 1839లో వాళ్ల చేతికి వెళ్లాయి. ఇవతల నిజాం రాజ్యం, దానిలోపల గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు. వీటికి సొంత పోలీసులు, సొంత కచేరీలు ఉండేవి. అంటే ఏరు దాటితే ఒక చట్టం, పొలిమేర దాటితే మరొక చట్టం. సరిహద్దు కథకు ఇంతకన్నా ఏం కావాలి?

గుర్రపు రౌతులకూ కొరత లేదు. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికన్ సంతతి సిద్దీలతో అశ్వదళం నడిపాడు. 1866లో ఆయన పోయాక ఆ దళం నిజాం కొలువుకు చేరింది, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేట పేరు వాళ్లదే. అమెరికాలో బానిసగా పుట్టి 1875లో డిప్యూటీ మార్షల్ అయిన నల్లజాతివాడు బాస్ రీవ్స్ మీద పుస్తకాలున్నాయి. మన సిద్దీ రౌతులకు పేటపేరు ఒక్కటే మిగిలింది. అయితే వాళ్లు రాజు హోదాకు కాపలా గాని, రైతు కల్లానికి కాపలా కాదు.

రైతు ఎరిగిన చట్టం పోలీసు పటేలు. మాలీ పటేలు శిస్తు వసూలు చేస్తాడు, పట్వారి లెక్క రాస్తాడు, పోలీసు పటేలు శాంతిని చూస్తాడు. ముగ్గురిదీ వతను, తండ్రి తర్వాత కొడుకు. చావు పుట్టుకలు రాయడం, నేరం జరిగితే ఠాణాకు తెలపడం, అమీను వస్తే బస చూడడం పోలీసు పటేలు విధులు. బస అంటే కోడి, పాలు, కట్టెలు, మోతకు మనుషులు. ఇవన్నీ వెట్టి. వెట్టిని నిషేధిస్తూ 1923లో నిజాం ఫర్మానా ఇచ్చాడు. ఆ ఫర్మానాను ఊళ్లో అమలు జరపవలసినవాడూ పటేలే! అతని కింద తలారి, సేత్‌సింధి; వాళ్లు పేద కులాలవాళ్లు. రాత్రి గస్తీ వాళ్లది, పెత్తనం అతనిది. చాలా ఊళ్లలో పటేలు కుటుంబమే పెద్ద భూస్వామి. పొలం గట్టు తగవులో ఫిర్యాదు వినేవాడే ప్రతివాది.

మా అవ్వ చచ్చేదాకా తమ ఊరి పటేలు పేరు పలకలేదు. చావడి ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకునేదట. "ఎందుకవ్వా?" అని చిన్నప్పుడు అడిగితే "ఆడ చట్టం కూసుంటది బిడ్డా" అన్నది.

ఇట్లాంటి చట్టం మీద పాట ఎవరు కడతారు? పాలమూరు జనం పండుగ సాయన్న మీద కట్టుకున్నారు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టాడని, చివరకు దొరికి చచ్చాడని పాడుకున్నారు. 1959లో హాబ్స్‌బామ్ ఇట్లాంటివాళ్లను సామాజిక బందిపోట్లన్నాడు. వాళ్లు అన్యాయాన్ని సరిదిద్దుతారు గాని సమాజాన్ని మార్చరని కూడా ఆయనే గుర్తించాడు. మన విమర్శకులు మొదటి మాట పట్టుకొని రెండోది వదిలేస్తుంటారు. నేనూ విద్యార్థులకు అదే చేశాను. సాయన్న పోయిన మర్నాడు కూడా పటేలు చావడిలోనే కూర్చున్నాడు.

1947 అక్టోబరులో ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో నిజాం వ్యతిరేకోద్యమంలో నిలబడ్డ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు పల్లెజనం. అక్కడ ముసుగువీరుడు లేడు, గుర్రం లేదు. ఒక్కణ్ణి ఎన్నుకొని కథ నడుపుదామంటే వీలుపడదు. మనం దాన్ని తక్కువ చెప్పుకోవడానికి అదొక కారణమని నా అనుమానం.

1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. సంస్థానాల పోలీసులు, కచేరీలు పోయాయి. సరిగ్గా నెల తర్వాత అమెరికాలో లోన్ రేంజర్ తెరకెక్కాడు. కాని రాజు పోయినా పటేలు పోలేదు. 1957లో ఆ ధారావాహిక ముగిసినా పోలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులు రద్దు చేసేదాకా ముప్పైనాలుగేళ్లకు పైగా చావడి నడిచింది. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్నది నిజమైన చరిత్ర ప్రశ్న. ఓట్లు కావలసిన ప్రతి పార్టీకీ ఊళ్లో పటేలు కావలసి వచ్చాడనే సమాధానం నాకు దూరంగా తోచదు.

ఆ విద్యార్థులను మళ్లీ పిలిచి నా జవాబు తప్పని చెప్పాను. ఎవరి ఊళ్లో వాళ్లు చావడి ఎక్కడుండేదో, దాని పక్క పొలం ఎవరిదో అడిగి రమ్మన్నాను. మొన్న ఒకడు వచ్చాడు. చావడి కూలి మొండిగోడ మిగిలిందట. పక్కనున్న పదెకరాలు మాత్రం పటేలు మనుమల పేరిటే ఉన్నాయట.