స్వప్నసూచనలు: ఏనుగు, గాడిద, తైలము



కొంతకాలము క్రిందట ఒక ఇల్లాలు నాయొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. ఆసుపత్రిలోనున్న భర్త ఒంటినిండ నూనెతో, ఎఱ్ఱని పూలమాలతో దక్షిణదిక్కునకు పోవుచున్నట్లు ఆమెకు కల వచ్చినది. మూడు రాత్రులుగా నిద్రలేదు. "ఇక ఆశ లేదా శాస్త్రులుగారూ?" అని అడిగినది.

ఆమె భయమునకు ఆధారము లేకపోలేదు. అయోధ్యాకాండమున భరతుడు, తండ్రి తైలము త్రావుచు, ఎఱ్ఱని మాలలు దాల్చి, గాడిదలు పూన్చిన రథముపై దక్షిణమునకు పోవుచున్నట్లు కలగనెను. సుందరకాండమున త్రిజట కలలో రావణుని గతియు నట్టిదే. ఆ కలలోనే శ్రీరాముడు లక్ష్మణునితో నాలుగు దంతముల ఏనుగు నెక్కి కనబడెను.

ఆ ఏనుగు విజయమునకు సూచకము. జైనుల కల్పసూత్రమున త్రిశలాదేవి కనిన 14 కలలలోను ఏనుగు కలదు. బుద్ధుని తల్లి మాయాదేవి తెల్లని ఏనుగునే కలగనెను. ఆ దృశ్యమును మన అమరావతి శిల్పులు రాతిపై చెక్కిరి. ఈ రెండుచోట్ల అది పుత్రజన్మమునకు సూచకము. చిహ్న మొక్కటే, అర్థములు వేరు. చూచినవారెవరు, ఏ సందర్భమున చూచిరి అనునదియే ఫలమును నిర్ణయించును. ఛాందోగ్యోపనిషత్తు సైతము కామ్యకర్మ నాచరించువాడు కలలో స్త్రీని చూచినచో కర్మ సఫలమని, సందర్భమును ముందుంచియే చెప్పినది.

బ్రహ్మసూత్రములు (3-2-4) కలను సూచకమనియే అంగీకరించినవి. అయినను సూచింపబడిన విషయము సత్యము కావచ్చునుగాని, కలలో కనబడిన వస్తువు మాయామాత్రమే యని శంకరభగవత్పాదులు వివరించిరి.

చరకమహర్షి మరియొక మెట్టు ముందుకు వేసెను. చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, భావిసూచకము, దోషజము అని కలలు ఏడు విధములు. వీనిలో మొదటి ఐదు నిష్ఫలములని ఇంద్రియస్థానమున స్పష్టముగా చెప్పెను. చెడుకల పిమ్మట మంచికల వచ్చినచో ఫలము శుభమే యనెను.

కావున ఆమెతో ఇట్లంటిని: "అమ్మా! పురాణమున విన్న ఘట్టము, ఆసుపత్రిలో అనుభవించుచున్న దిగులు కలసి నీకు కలగా వచ్చినవి. వైద్యులు చెప్పినట్లు మందులిమ్ము. కలను చూచి చికిత్స మానిపింపకుము."

ఆయన కోలుకొనెను. కోలుకొనకున్నను నా మాట మారెడిది కాదు. శాస్త్రము భయమును తొలగించుటకే గాని పెంచుటకు గాదు.

శుభం భూయాత్.