అక్షరం నుంచి ఓటు వరకు: నెల్లూరు సారా వ్యతిరేకోద్యమంలో మాధ్యమాల పాత్ర

ఉపోద్ఘాతం

వయోజన విద్యను సంతకం నేర్పే కార్యక్రమంగా, ఓటరు చైతన్యాన్ని పోలింగు శాతం పెంచే ప్రచారంగా పరిగణించడం పరిపాటి. ఈ రెండింటినీ మాధ్యమాలు ఏ విధంగా అనుసంధానిస్తాయో తెలుసుకోవడానికి 1990వ దశకం తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో సాగిన సారా వ్యతిరేకోద్యమం చక్కని ఉదాహరణ. ఆ ఉద్యమాన్ని ఈ కోణంలో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

వాచకం - కళాజాతా

1988లో ప్రారంభమైన జాతీయ అక్షరాస్యతా మిషన్ జిల్లాల వారీగా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలను ప్రోత్సహించింది. 1991 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 33 శాతం మాత్రమే. అందువల్ల అచ్చు పుస్తకం ఒక్కటే చాలదని గుర్తించి, పాటలు, వీధినాటికలతో కళాజాతాలను గ్రామాలకు పంపారు. చదవలేనివారికి కూడా విషయం చేరింది. వయోజన వాచకంలోని ‘సీతమ్మ కథ’ తాగుడు వల్ల కుటుంబం పడే వేదనను పాఠంగా మలచింది. దూబగుంట మహిళలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే మరో పాఠమైంది. అంటే పాఠం చర్యకు దారితీయగా, ఆ చర్యే తిరిగి ఇతర గ్రామాలకు పాఠమైంది. అభ్యాసకులు పాఠ్యాంశానికి కర్తలు కావడం ఇక్కడి విశేషం.

పత్రికల పాత్ర

1992లో మహిళలు సారా వేలంపాటలను అడ్డుకోవడంతో ఉద్యమం జిల్లా అంతటా విస్తరించింది. ‘ఈనాడు’ వంటి దినపత్రికలు గ్రామస్థాయి వార్తలకు విస్తృతంగా చోటిచ్చాయి. ఒక ఊరి విజయం మరో ఊరికి వార్తగా చేరడం వల్ల విడివిడి నిరసనలకు ఉమ్మడి స్వరూపం ఏర్పడింది. అయితే ఈ చిత్రణకు పరిమితులున్నాయి. మహిళలను సంసారాన్ని కాపాడే మాతృమూర్తులుగా చూపే ధోరణిలో వారి కూలి, ఎక్సైజు ఆదాయంపై ప్రభుత్వం ఆధారపడటం వంటి ఆర్థిక ప్రశ్నలు మరుగున పడ్డాయని స్త్రీవాద పరిశోధకులు విమర్శించారు.

ఓటుగా మారిన డిమాండు

1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 శాసనసభ ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానాల్లో ఒకటైంది. అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో దానిని అమలుచేసింది. 1980వ దశకంలో ‘వారుణి వాహిని’ పేరుతో సారా సరఫరాను వ్యవస్థీకరించినది కూడా ఆయన ప్రభుత్వమే. ఈ మార్పు ఓటరు ఒత్తిడి బలాన్ని తెలుపుతుంది. కిలో రెండు రూపాయల బియ్యం వంటి వాగ్దానాలూ ఉన్నందున ఎన్నికల ఫలితాన్ని మద్యనిషేధానికే ఆపాదించడం సమంజసం కాదు. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది; సారాపై నిషేధం మాత్రం నిలిచింది.

ముగింపు

భారత ఎన్నికల సంఘం 2009 నుంచి ‘స్వీప్’ కార్యక్రమం ద్వారా ఓటర్లను చైతన్యపరుస్తున్నది. ఓటు వేయమని చెప్పడం అవసరమే. కాని నెల్లూరు మహిళలకు ఎవరూ ఓటు విలువను ప్రత్యేకంగా బోధించలేదు. తమ జీవితాన్ని చదవడం, చర్చించడం ద్వారా వారే దానిని గ్రహించారు. మాధ్యమాలు ఓటరును కేవలం శ్రోతగా కాక, సమస్యను నిర్వచించే వ్యక్తిగా గుర్తించినప్పుడే వయోజన విద్య ప్రజాస్వామ్య విద్యగా పరిణమిస్తుంది. సంపూర్ణ నిషేధం సడలిన తీరు మరో అంశాన్ని స్పష్టం చేస్తున్నది: ఎన్నికల తర్వాత ఆ చర్చ ఆగిపోతే, ఓటుతో సాధించినది నిలవడం కష్టం.