నొప్పి ఎవరిది, వైద్యం ఎవరికి?

యోనిలో నొప్పి వైద్యులకు నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. చరక సంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయం 20 రకాల యోనివ్యాపత్తులను వివరించింది. వాతం ప్రకోపిస్తే పోటు, బిగువు పుడతాయంది. పరిప్లుత అనే రకంలో చేయి తగిలినా ఓర్చుకోలేరంది. సుశ్రుతుడు అదే పేరుతో కలయికలో కలిగే తీవ్రమైన బాధను చెప్పాడు. నూనెలో తడిపిన దూది పెట్టడం, కాపడం, మందును లోపలికి ఎక్కించే వస్తి అప్పటి చికిత్సలు. ఇంత తెలిసినా ఆ అధ్యాయాన్ని నడిపించిన చింత మాత్రం గర్భం నిలుస్తుందా లేదా అన్నదే. ఈ నొప్పి చరిత్ర పొడవునా ఇదే కనిపిస్తుంది: బాధ స్త్రీది, వైద్యం మాత్రం సంతానం కోసమో, సంసారం కోసమో.

దీనికి పెద్ద సాక్ష్యం అమెరికా వైద్యుడు జె. మేరియన్ సిమ్స్. ప్రవేశానికి వీల్లేకుండా కండరాలు బిగుసుకుపోయే స్థితికి ‘వెజైనిస్మస్’ అని పేరు పెట్టి, 1861లో లండన్ ప్రసూతి వైద్య సంఘానికి వివరించింది ఆయనే. కన్నెపొరను తొలగించి, ద్వారాన్ని కోసి, గాజు సాధనాన్ని రోజూ గంటల తరబడి లోపల ఉంచడం ఆయన చికిత్స. భర్తతో కలయిక కోసం ఒక భార్యకు వైద్యుడు వారానికి రెండు మూడుసార్లు ఇంటికి వెళ్లి ఈథర్ మత్తు ఇచ్చిన ఉదంతాన్ని 1866 నాటి తన గ్రంథంలో నమోదు చేశాడు. అంతకుముందు 1845-49 మధ్య ఆలబామాలో అనార్కా, బెట్సీ, లూసీ అనే బానిస స్త్రీలపై ఆయన పదేపదే చేసిన శస్త్రచికిత్సలకు మాత్రం మత్తు లేదు. మత్తు ఇచ్చినచోటా, ఇవ్వనిచోటా లెక్కలోకి రానిది ఆ స్త్రీల మాటే.

ఆయనను ఆనాటి కాలంతోనే తూచాలి కదా, నొప్పి ఒంట్లో ఉందని నమ్మి పేరైనా పెట్టాడు కదా అని వాదించవచ్చు. అది నిజమే, తర్వాత వచ్చినవారు ఆ పాటి గుర్తింపు కూడా నిలబెట్టలేదు. పైకి ఏ జబ్బూ కనిపించకపోయినా యోనిద్వారం తాకితే భరించలేని నొప్పి ఉంటుందని వైద్యులు గెయిలార్డ్ థామస్ 1880లో, అలెగ్జాండర్ స్కీన్ 1888లో రాశారు. ఆ పరిశీలన 20వ శతాబ్దంలో చాలాకాలం మరుగున పడింది. మనోవిశ్లేషణ ప్రభావంతో నొప్పిని మనసు ఖాతాలో వేయడం అలవాటైంది. ఆ వాదాన్నీ పూర్తిగా కొట్టెయ్యలేం. భయం కండరాన్ని బిగిస్తుంది, బిగువు నొప్పిని పెంచుతుంది, నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది. కానీ మనసుకు పాత్ర ఉందనడం వేరు, నొప్పి కల్పితమనడం వేరు. 1987లో వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రీడ్రిక్ యోనిద్వారం వద్ద నొప్పికి నిర్ధారణ లక్షణాలు నిర్ణయించాకే మాట మళ్లీ శరీరం వైపు మళ్లింది. స్పష్టమైన కారణం దొరక్కుండా కనీసం 3 నెలలు నిలిచే నొప్పిని ‘వల్వోడినియా’ అనాలని 2015లో అంతర్జాతీయ సంఘాలు ఒప్పుకున్నాయి. కారణం దొరకనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదని ఆ నిర్వచనమే ఒప్పుకుంటోంది.

నేటి వైద్యం అందుకే ముందు కారణం వెతుకుతుంది. ఇన్ఫెక్షన్ అయితే దానికి మందు, ముట్లుడిగాక వచ్చే పొడిదనానికి ఈస్ట్రోజెన్ క్రీము, చర్మవ్యాధికి దాని చికిత్స. కటి కండరాలు బిగుసుకుపోతే వాటిని వదులు చేయడం నేర్పే ఫిజియోథెరపీ ఉంది. 1948లో వైద్యుడు కెగెల్ చెప్పిన బిగించే వ్యాయామాలు ఇలాంటివారికి బాధను పెంచవచ్చు కూడా. సిమ్స్ వాడిన సాధనం ఇప్పటికీ ఉంది, డైలేటర్ పేరుతో. అయితే కోత ఉండదు. అతి చిన్న సైజుతో మొదలుపెట్టి, తన చేత్తో, నొప్పి లేనంత మేరకే బాధపడే స్త్రీయే వాడుకుంటుంది; చాలనుకున్న చోట ఆపేస్తుంది. సాధనం పాతదే, చెయ్యి మారింది.