పుస్తకం చేతికిచ్చే మనిషి

ఈ మధ్య వచ్చిన వాటిలో చదవదగ్గ నవల ఏది, మంచి ఆత్మకథ ఏది అని పెద్దవాళ్లు అడిగితే, ఇప్పుడు మనం పురస్కారాల జాబితానో, ఫోన్‌నో చూపిస్తున్నాం. కర్నూలు, కడప జిల్లాల్లో పాఠకులు తయారైన తీరు చూస్తే ఈ రెండూ చాలవని తెలుస్తుంది. ఈ మెట్ట సీమలో పుస్తకం తనంతట తాను పాఠకుడి దగ్గరికి వచ్చింది తక్కువ. నమ్మకమున్న మనిషో, సంస్థో కారణం చెప్పి చేతికిస్తేనే వచ్చింది. కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరు లాంటి చోట్ల చదివేవాళ్లు కరువయ్యారని బాధపడేవాళ్లు చాలామంది. నిజంగా కరువైంది ఆ చేతికిచ్చే మనిషి.

మొదట్లో పుస్తకం పండితుల సొత్తు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత అక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు రాయించారు. అది పుస్తకాన్ని బతికించే పని. దాన్ని మామూలు మనిషికి అందించే పనికి ఇంకో వందేళ్లు పట్టింది. అందుకు పూనుకున్నవాళ్లలో ముఖ్యులు 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన వ్యాసానికి 1908లో జైలుకు వెళ్లిన ఆయన, తర్వాతి కాలంలో గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ కలిపి పాటుపడ్డారు. ఆ రెండూ కలిసి నడవాల్సిన పనులే. నలభై ఏళ్ల వయసులో అక్షరాలు దిద్దిన మనిషికి చదవాలనిపించే పుస్తకం దొరక్కపోతే ఆ అక్షరాలు ఎంతోకాలం నిలవవు. అలాంటి పుస్తకాన్ని జనం దగ్గరికి చేర్చడానికి కృష్ణా డెల్టాలో ఉద్యమకారులు 1935లో కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. నీళ్లూ, పంటమీద మిగులూ ఉన్న చోట దాతలు దొరుకుతారు. వానలు ముఖం చాటేసే చోట దానధర్మాల మీద గ్రంథాలయం నిలవదు. అందుకే 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం మన జిల్లాలకు మరీ అవసరమైంది. పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు, జిల్లా గ్రంథాలయ సంస్థ, దాని కింద ఊళ్లలో శాఖలు: చదువు ఒకరి దయ కాకుండా అందరి హక్కయింది. శాఖా గ్రంథాలయం పుస్తకంలో వెనక అట్ట లోపల గడువు తేదీల కాగితం అంటించి ఉంటుంది. ముద్రలు వారం పది రోజుల తేడాతో పడి ఉంటే ఆ నవల చేతులు మారుతోందని కొత్త పాఠకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అదీ ఒక సిఫారసే.

జనం మెచ్చే నవలలు కాలక్షేపం బఠాణీలే కదా, వాటిని పనిగట్టుకుని సిఫారసు చేయాలా అని అడిగేవాళ్లున్నారు. వారపత్రికలు వెలిగిన రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్లు ఇంటింటా ఏం చేశాయో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. పత్రికలోంచి సీరియల్ పేజీలు వారం వారం చించి, దాచి, చివరికి దబ్బనంతో కుట్టి అట్ట వేసి, ఇరుగుపొరుగుకు అరువిచ్చిన ఇల్లాళ్లు ఎందరో. కొనే స్తోమత లేనివాళ్లకు అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. బడి మానేసిన ఆడవాళ్లకు మూడొందల పేజీలు ఆపకుండా చదివే ఓపిక అలవడింది వాటివల్లే. ఆ నవలలన్నీ గొప్పవని కాదు. చదివే అలవాటు ముందు పడితేనే మంచిచెడ్డల ఎంపిక తర్వాత వస్తుంది. ఆ ఎంపిక నేర్పినవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో ‘సంవేదన’ పత్రిక తెచ్చారు. పేరున్న రచయితనైనా మొహమాటపడకుండా నిలదీశారు. ఆయన తీర్పులన్నీ ఒప్పుకోనక్కర్లేదు. కారణం చూపకుండా పొగడకూడదు, తెగడకూడదు అన్న పద్ధతి మాత్రం ఈ నేల మీద ఆయన వేసిన దారి.

ఆ పద్ధతిలోనే ఇప్పటి పుస్తకాలు చూద్దాం. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా వచ్చింది. చదవమనడానికి కారణం ఆ రెండూ కావు. కరువులో మేతా నీళ్లూ లేక గొర్రెల మందలను నల్లమలకు తోలుకెళ్లే కాపరుల బతుకు, పులి భయం, అడవి దారులు ఎరిగిన పెద్దల తెలివి అందులో ఒక్కచోట కనిపిస్తాయి. కరువు నివేదికల్లో పశువుల లెక్క ఉంటుందేమో గానీ కాపరి గుండెదడ ఉండదు. వేంపల్లె షరీఫ్ కథల సంపుటి ‘జుమ్మా’కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. శుక్రవారం నమాజుకు వెళ్లమని వెంటపడే తల్లి, మసీదులో బాంబు పేలాక వద్దని బతిమాలడం పేరుకథలోని విషయం. ముఠాకక్షల సినిమాలు చూసి సీమను అంచనా కట్టేవాళ్లు ముందుగా చదవాల్సిన కథ అది. వీటి పక్కనే అనుభవకథనాలనూ పెట్టాలి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్తూ దారిలో బసలు, నీళ్లు, దొరికే సరుకులు ఎలా ఉన్నాయో రాశారు. 1838లో అచ్చయిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ పక్కన ‘కొండపొలం’ పెట్టి చదివితే ఒకే నేలను బాటసారి చూసిన తీరూ, కాపరి చూసిన తీరూ తెలుస్తాయి.

మన జిల్లాల పుస్తకాలే చెబితే పాఠకుడి చూపు కుంచించుకుపోదా అన్నది ఆలోచించాల్సిన అభ్యంతరం. అనంతపురం జిల్లాలో పుట్టిన తిరుమల రామచంద్ర ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాక’ దీనికి మంచి సమాధానం. తెలిసిన ఊరు చెయ్యిపట్టుకుని తెలియని దేశంలోకి తీసుకెళ్తుంది ఆ పుస్తకం. పెద్దవయసులో చదవడం మొదలుపెట్టేవాళ్లకు ఆ క్రమమే నప్పుతుంది. ఫోన్ చేతికొచ్చాక ఎవరికీ తీరిక లేదన్న మాటా ఉంది. తీరిక తగ్గినమాట నిజమే. సరిగ్గా అందుకే ఎంపిక చేసి ఇచ్చేవాళ్ల అవసరం పెరిగింది. చదివిన మొదటి పుస్తకమే విసుగు పుట్టిస్తే మనిషి రెండోదాని జోలికి పోడు. శాఖా గ్రంథాలయంలో ఒక అర, నెలకు ఒక నవల, ఒక ఆత్మకథ, వాటిని ఎందుకు చదవాలో నాలుగు మాటల్లో చెప్పగల ఉద్యోగి ఉంటే చాలు. చట్టం ఉంది, సెస్సు కడుతున్నాం, పుస్తకాలూ వస్తున్నాయి. గాడిచర్ల పుట్టిన ఊళ్లో ఈపాటి ఏర్పాటు కోరడం అత్యాశ కాదు. ఆయన మొదలుపెట్టిన పనిలో మిగిలిపోయిన భాగాన్ని పూర్తిచేయడమే.