ఎనిమిది డాలర్ల కాగితాలు

గెట్టీస్‌బర్గ్ చూడబోయిన మనవాళ్ళు చాలామంది లిటిల్ రౌండ్ టాప్ గుట్ట ఎక్కే ఉంటారు. అక్కడ ఒక రాతి స్మారకం మీద కంచు ముఖం ఉంటుంది. ముక్కు ఒక్కటీ తళతళా మెరుస్తుంటుంది. ముట్టుకుంటే కలిసొస్తుందట, వచ్చినవాళ్ళంతా రుద్దిపోతుంటారు. ఆయన పేరు పాట్రిక్ ఓరోర్క్. ఐర్లండులోని కావన్ కౌంటీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, రాచెస్టర్లో చలువరాళ్ళు చెక్కే పనిచేసి, 1861లో వెస్ట్ పాయింట్ నుంచి ఫస్టు ర్యాంకుతో బయటికొచ్చాడు. రెండేళ్ళకి, 1863 జులై 2న, 140వ న్యూయార్క్ రెజిమెంటుని నడిపిస్తూ ఆ గుట్ట మీదే పోయాడు.

ఆయన కర్నలు కాబట్టి కంచు ముఖం. ఐర్లండులో పుట్టి ఉత్తరాది సైన్యంలో చేరినవాళ్ళు సుమారు లక్షన్నర మంది. వాళ్ళలో పోయిన మామూలు సిపాయిల మాటేమిటి? వాళ్ళ వారసులు ఐర్లండులో వెతికితే దొరికేది తక్కువే. 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కల కాగితాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి.

అసలు నిధి వాషింగ్టన్‌లో, నేషనల్ ఆర్కైవ్స్ పెన్షన్ ఫైళ్ళలో ఉంది. 1862 చట్టం ప్రకారం, చనిపోయిన సిపాయి భార్యకి నెలకి 8 డాలర్లు. భార్యాపిల్లలు లేకపోతే, అతని సంపాదన మీద బతికిన తల్లికి. సర్కారు సొమ్ము ఊరికే వస్తుందా? పెళ్ళయినట్టు రుజువు కావాలి. ఐర్లండులో కాథలిక్కుల పెళ్ళిళ్ళని ప్రభుత్వం నమోదు చెయ్యడం మొదలైందే 1864లో. అంచేత చర్చి ఫాదరు రాసిచ్చిన కాగితం, పెళ్ళి చూసినవాళ్ళ ప్రమాణపత్రాలు జతచేసేవారు. చదువురానివాళ్ళు, మన నిశానీ లాగా, ఇంటూ గుర్తు పెట్టేవారు.

తల్లి పరిస్థితి ఇంకా కష్టం. కొడుకు తనకి డబ్బు పంపేవాడని ఆవిడ నిరూపించాలి. అందుకు సాక్ష్యం అతను రాసిన ఉత్తరాలే. జీతం ఇంత వచ్చింది, అందులో ఇంత పంపుతున్నాను అన్న ముక్క ఉన్న ఉత్తరం ఫైల్లోకి వెళ్ళింది. అలా వెళ్ళినవి ఎన్నో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అంటే ఆ తల్లి ఎనిమిది డాలర్ల కోసం కొడుకు చివరి మాటల్ని కూడా వదులుకుందన్నమాట. డేమియన్ షీల్స్ అనే ఐరిష్ పరిశోధకుడు ఇలాంటి ఫైళ్ళ నుంచే ఎన్నో కుటుంబాల కథలు బయటికి తీశాడు.

రంగూన్ వెళ్ళినవాళ్ళూ, పట్టాళంలో చేరినవాళ్ళూ మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళు పంపిన మనియార్డరు రసీదులు ఏ ట్రంకు పెట్టెలోనైనా కనిపిస్తే, పాత కాగితాలని పారెయ్యకండి. వెనకవైపు కూడా ఒకసారి చదవండి.