చేతితో నేర్చే చదువు: మన సీమలో దాని కథ

ఈ ఏటి సంచికకు ఏదైనా చరిత్ర రాయండి మాస్టారూ అని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు మాకు ముందుగా నవాబులు, కోటలు, దర్గాలు గుర్తుకు వచ్చినాయి. తీరా ఆలోచిస్తే, మనం రోజూ బస్సులో దాటిపోయే దారి పక్కనే ఇంకొక చరిత్ర ఉన్నదని తోచింది. మన తంబళ్లపల్లె నియోజకవర్గంలోనే, కురబలకోట మండలంలో, తెట్టు గ్రామం దగ్గర కొండల నడుమ ఋషివ్యాలీ ఉన్నది. "అది డబ్బున్నవాళ్ళ పిల్లల బడి, మనకెందుకు?" అంటారు మనవాళ్ళు. మేమూ చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నాము. అయితే మేము చెప్పబోయేది ఆ పెద్ద బడి సంగతి కాదు. దాని ప్రహరీ బయట, చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే గది ఒకే పంతులు ఉన్న చిన్న బడుల్లో జరిగిన సంగతి.

చేతితో చదువు నేర్వడం మనకు కొత్తేమీ కాదు. మక్తబుల్లో చదివిన పెద్దలను అడిగి చూడండి. చెక్క తఖ్తీ కడిగి, దానికి మట్టి పూసి, ఎండలో ఆరబెట్టి, రెల్లు కలం చెక్కుకుని అప్పుడు "అలిఫ్" రాసేవారు. అక్షరం కంటే ముందు చెయ్యి పని నేర్చేది. తర్వాత పలక వచ్చింది, నోటుబుక్కు వచ్చింది, చెయ్యి ఊరికే కూర్చున్నది.

దేశం మొత్తం మీద ఈ విషయం గట్టిగా చర్చకు వచ్చింది 1937లో. ఆ ఏడు అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ఒక విద్యా మహాసభ జరిపి, ఏదైనా ఒక చేతిపనిని కేంద్రంగా పెట్టుకుని, మాతృభాషలో, ఏడేళ్ళ చదువు ఉండాలన్నారు. దానికి పాఠ్యప్రణాళిక తయారు చేసే కమిటీకి అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్. 1897లో హైదరాబాదులో పుట్టి, అప్పటికే పదేళ్ళకు పైగా జామియా మిల్లియాను నడుపుతున్నవారు, తర్వాత 1967లో రాష్ట్రపతి అయినవారు. మన ఉర్దూ బడి పిల్లలకు "అబ్బూ ఖాన్ కీ బక్రీ" కథ రాసినవారుగా తెలుసు. ఆయన కమిటీ నివేదికలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఈ పథకంలో పిల్లలు చేసే వస్తువుల అమ్మకం మీదనే దృష్టి పోతే చదువు వెనకబడే ప్రమాదం ఉన్నదని. ఆ కాలంలో ముస్లిం లీగ్ నాయకులు ఈ పథకాన్నే వ్యతిరేకించినారు. కమిటీకి పెద్ద ఒక ముస్లిం విద్యావేత్త అయినా సరే! రాజకీయం అట్లాంటిది, దాన్ని వదిలిపెడదాము. స్వాతంత్ర్యం వచ్చినాక బేసిక్ స్కూళ్ళు వచ్చినాయి, పిల్లల చేతికి తక్లీలు వచ్చినాయి. జాకిర్ సాహెబ్ భయపడినట్టు అమ్మకం మీదికైనా దృష్టి పోలేదు. చాలాచోట్ల క్రాఫ్టు పీరియడు అంటే పంతులుగారు హాజరు పట్టీ పూర్తి చేసుకునే పీరియడు అయిపోయింది.

మన మదనపల్లెకు వద్దాము. అనీబిసెంట్ అమ్మ 1915లో ఇక్కడ థియొసాఫికల్ కాలేజీ పెట్టినారు. 1919లో టాగూరు వచ్చి విడిది చేసినారు, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడినదే ఋషివ్యాలీ. దాని పుట్టుక 1926 అని లెక్క. ఈ థియొసాఫికల్ వారి పిలుపు మీదనే 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. పూసల దండలతో లెక్క నేర్పడం, గరుకు కాగితం మీద కత్తిరించిన అక్షరాలను వేలితో తడమడం ఆమె పద్ధతులే. అయితే అవన్నీ పట్నాల్లో, ఫీజులు కట్టగల వారి పిల్లలకే అందినాయి. పల్లె బడికి రావడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది.

1980లలో ప్రయోగంగా మొదలై, 1989 నుండి బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో రాష్ట్రమంతా నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఒకటి ఉండేది. 'అపెప్' అనేవారు. చేసి నేర్చుకోవాలి, గుంపులుగా కూర్చోవాలి, ఊళ్ళో దొరికే వస్తువులే పాఠం కావాలి, పిల్లలు చేసిన పని తరగతిలో ప్రదర్శించాలి అన్నవి దాని సూత్రాలు. మేము అప్పుడు చిన్న క్లాసుల్లో ఉన్నాము. మా ఉస్తాద్‌గారు ఈ మూల నుండి ఆ మూలకు దారం కట్టి, మేము వేసిన బొమ్మలు దానికి తగిలించేవారు. మా మేక బొమ్మ నెల రోజులు వేలాడింది, ఆ గర్వం ఈనాటికీ పోలేదు. 1990ల నడుమ ఆ పథకం ముగిసింది. దారాలు కొన్నాళ్ళు ఉండినాయి, బొమ్మలు లేవు.

సరిగ్గా ఆ కాలంలోనే ఋషివ్యాలీ చుట్టూ అసలు పని జరిగింది. పద్మనాభరావు, రమ అనే దంపతులు 1980ల చివర నుండి చుట్టుపక్కల పల్లెల్లో బడులు పెట్టుకుంటూ వచ్చినారు. డజనుకు అటూ ఇటూ బడులు. ఒకే గదిలో అయిదు తరగతులు, ఒకే పంతులు. అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరదు. వేరుశనగ కాయ ఒలిచే రోజుల్లో సగం మంది రారు, వచ్చేటప్పటికి పాఠం దాటిపోయి ఉంటుంది. అందుకని వారు పాఠ్యపుస్తకాన్ని విప్పి, చిన్న చిన్న అట్టలుగా చేసినారు. గోడ మీద ఒక నిచ్చెన. నిచ్చెన మెట్టు మెట్టుకూ ఒక జంతువు బొమ్మ, ఒక అంకె. పిల్లవాడు తన మెట్టు తనే చూసుకుని, ఆ బొమ్మ ఉన్న తట్టలో నుండి తన అట్ట తనే తీసుకుని, ఆ గుంపులో పోయి కూర్చుంటాడు. ఒక గుంపులో పంతులు పక్కనే ఉంటాడు, ఒక గుంపులో తోటి పిల్లలే నేర్పుతారు, ఇంకొక దానిలో తనంతట తనే చేసుకుంటాడు. పదిరోజులు రాకపోయినా వదిలిన మెట్టు దగ్గర నుండే ఎక్కుతాడు. ఫెయిలు అనే మాటే లేదు. ఈ సామానంతా ఒక పెట్టెలో సర్ది 1993 ప్రాంతంలో "పెట్టెలో బడి" అన్నారు. మెట్రిక్ మేళాలని జరిపేవారు. పిల్లలే అంగళ్ళు పెట్టి, అమ్మానాన్నలను తూకం వేసి, ఎత్తు కొలిచి, చిల్లర లెక్క చెప్పేవారు.

దీన్ని చూసి పోయినవారు ఎవరో వినండి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా నుండి కన్నడ ఉపాధ్యాయులు వచ్చి, నేర్చుకుని పోయి 'నలి-కలి' పెట్టినారు. తర్వాత అది కర్ణాటక అంతటా ప్రభుత్వ బడులకు పాకింది. 2003లో మద్రాసు కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ 13 బడుల్లో మొదలుపెట్టించినారు. 2007-08 నాటికి తమిళనాడులో 37 వేలకు పైగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఆ పద్ధతి పోయింది. మన ఇంటి దీపం పక్కింటి వాకిట్లో వెలిగింది. మన వాకిట్లో? తెట్టుకు నలభై కిలోమీటర్ల లోపల ఉన్న ఉర్దూ బడుల పంతుళ్ళం, మాలో ఎంతమందిమి అక్కడికి పోయి చూసినాము? ఈ నేరం మేము ఇంకొకరి మీద వేయము.

కుప్పం వైపు ఇంకొకటి జరిగింది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ వారు గుడుపల్లె దగ్గర 172 ఎకరాల్లో ప్రయోగశాలలు కట్టినారు. వారి వ్యాన్లు, మోటారు సైకిళ్ళు సైన్సు పరికరాలు వేసుకుని పల్లె బడులకు పోతాయి. పిల్లలే పిల్లలకు ప్రయోగం చేసి చూపుతారు. ప్రభుత్వం 2016 నుండి ఇస్తున్న అటల్ ల్యాబులకు 20 లక్షల గ్రాంటు ఉన్నది గాని, అది ఆరో తరగతి నుండి పైవారికే. అయిదో తరగతి లోపు పిల్లలకు మళ్ళీ పంతులే దిక్కు.

చివరికి మేము నోటుబుక్కు పట్టుకుని పోయినాము. రోజంతా ఒక మూల కూర్చుని చూసినాము. వచ్చి మా బడి వరండాలో మొదలుపెట్టినాము. తెలుగు అట్టలను ఉర్దూలోకి మార్చితే చాలుననుకున్నాము. చాలలేదు. మన లిపి కుడి నుండి ఎడమకు పోతుంది, కాబట్టి నిచ్చెన కూడా కుడి వైపు నుండే ఎక్కాలి. పైగా ఉర్దూ అక్షరం మాటకు మొదట ఒక రూపు, నడుమ ఒక రూపు, చివర ఒక రూపు. నల్లబల్ల మీద ఎంత రాసినా చిన్నవాళ్ళకు ఎక్కదు. అప్పుడు పిల్లలనే అక్షరాలు చేసినాము. మెడలో అట్ట వేసుకుని వరుసగా నిలబడతారు, చేతులు పట్టుకుంటారు. అలిఫ్, దాల్, రే, వావ్ అయినవాళ్ళు తమకు ముందున్నవాడి చెయ్యి పట్టుకుంటారు గాని, తర్వాతవాడికి చెయ్యి ఇవ్వరు. "దాల్ బడా కంజూస్ హై సార్!" అన్నది ఒక ఒకటో తరగతి పాప. ఆ వారంలో తరగతి అంతా అక్షరాలు కలపడం నేర్చింది. మేము మూడు నెలలు పట్టే పాఠంగా చెప్పుకుంటూ వచ్చినది అది.

తప్పులూ జరిగినాయి. మొదటి ఏడు చేసిన అట్టలన్నీ ఎండాకాలం సెలవుల్లో చెదలు తిన్నాయి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి చింతగింజల తట్టలు చూసి, ఇది బడా సంతా అని, నోటుబుక్కులు ఎక్కడ అని అడిగినారు. పాప తల్లిదండ్రులు కూడా అదే అడిగినారు, "ఆడుకోవడానికైతే ఇంట్లోనే ఆడుకుంటుంది కదా సార్" అని. వారిని ఒకరోజు పిలిచి, పిల్లల చేత వారి వంట నూనె, టమోటా పెట్టెల లెక్క చేయించినాము. కొందరు ఒప్పుకున్నారు. ఇద్దరు మరుసటి ఏడు పిల్లలను ఇంగ్లీషు మీడియం కాన్వెంటుకు మార్చినారు. ఉర్దూ బడిలో ఇద్దరు తగ్గితే ఎంతో, పోస్టుల లెక్క తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పిల్లలు ఇంకా తగ్గితే బడే ఉండదు.

మా దగ్గర ఇప్పుడు రెండు ఇనుప పెట్టెలు, ఒక గోడ నిచ్చెన ఉన్నాయి. అట్టలకు మేము వాడుతున్నది పాత నికాహ్ పత్రికలు. ఈ రోజుల్లో అవి ఎంత దళసరిగా కొట్టిస్తున్నారో మీకు తెలుసు. షాదీ అయినాక వాటిని పారవేయకుండా సంఘం ఆఫీసులో ఇస్తే మేము వచ్చి తీసుకుంటాము. ఒక వైపు ఖాళీగా ఉన్నవైతే మేలు.